పెరటి పెట్టెలో పిచ్చుకల కాపురం

మామిడి పూత పిందె కట్టే రోజుల్లో, వేపచెట్లు కొత్త చిగురు వేసే రోజుల్లో, మన ఓపీకి వచ్చేవారు మందుల సంగతితోపాటు ఇంకొక ప్రశ్న కూడా అడుగుతున్నారు. "ఆడవాళ్ళ వార్డు వరండా ఎదురుగా గోడకు ఆ చెక్కపెట్టెలు ఏమిటండీ? పిచ్చుకలకా? మా ఇంట్లో పెట్టుకోవచ్చా? జబ్బులేమీ రావు కదా?" అని. మందుల చీటీ వెనక రాసిచ్చే జవాబు కాదు కాబట్టి ఈ సంచికలో కాస్త వివరంగా చెబుతున్నాము.

మన పెద్దల ఇళ్ళలో పిచ్చుకకు వేరే పెట్టె అవసరం ఉండేది కాదు. పెంకుటింటి చూరు, దూలాల సందు, గోడకు వాల్చి తగిలించిన పటం వెనక ఖాళీ, ఇవన్నీ దానివే. కోతలయ్యాక వరి కంకులను కుచ్చుగా కట్టి వసారాలో వేలాడదీసేవారు. చెరిగిన నూకలు వాకిట్లోనే పడేవి. ఇప్పుడు మనం స్లాబు ఇళ్ళు కట్టుకున్నాము. వాన కురవదు, ఎలుక రాదు, మంచిదే. కాని నున్నటి గోడలో పిచ్చుక కాలు పెట్టే సందు ఒక్కటి కూడా లేదు. బియ్యం సంచుల్లో శుభ్రంగా వస్తున్నాయి కాబట్టి నూకలూ లేవు.

పిచ్చుకలు పూర్తిగా అంతరించిపోతున్నాయని చాలామంది అనుకుంటారు. దేశమంతటి పక్షుల పరిస్థితిపై 2020లో వచ్చిన నివేదిక చూస్తే సంగతి అంత సూటిగా లేదు. దేశం మొత్తం మీద ఊరపిచ్చుక దాదాపు నిలకడగానే ఉంది. తగ్గింది పెద్ద నగరాల్లో, అందులో మన హైదరాబాదు కూడా ఉంది. సెల్ టవర్ల వల్లే పోయాయన్న మాటకు స్పష్టమైన ఆధారం లేదని అదే నివేదిక చెప్పింది. గూటికి చోటు, పిల్లలకు పురుగులు, ఈ రెండూ కరువైన చోట పిచ్చుక ఉండదు. మొదటిది మనం ఇవ్వగలము. రెండోదానికి పెరట్లో నాలుగు మొక్కలు ఉంచి, వాటిమీద పురుగుమందు కొట్టకుండా ఉంటే చాలు.

పెట్టె ఎవరికి పనికొస్తుంది?

అన్ని పక్షులూ పెట్టెలోకి రావు. గిజిగాడు తన గూడు తానే అల్లుకుంటుంది. తేనెపిట్ట కొమ్మకు సంచిలాగ వేలాడదీస్తుంది. పావురం అటక మీద, కిటికీ గట్టు మీద నాలుగు పుల్లలు వేసి సరిపెట్టుకుంటుంది, దానికి మనం పిలుపు పంపనక్కరలేదు. చెట్టు తొర్రలో, గోడ కన్నంలో గుడ్లు పెట్టే పక్షులే పెట్టెకు వస్తాయి. మన ఇళ్ళ దగ్గర పిచ్చుక, గోరింక ముఖ్యమైనవి. తోక పైకెత్తి పొద్దున్నే పాడే నలుపు తెలుపు పిట్ట కూడా కాస్త పెద్ద పెట్టె దొరికితే వస్తుంది. మామిడిచెట్టు తొర్రలో ఉండే చిన్న గుడ్లగూబ సంగతి ఒక మాట. అది కూస్తే ఇంటికి కీడని ఇప్పటికీ కొందరు రాళ్ళు వేస్తున్నారు. విశ్వాసులకు ఆ భయం తగదు. అది తినేది ఎలుకలను, పురుగులను.

పిచ్చుక పెట్టె చేయటం వడ్రంగికి పావుపూట పని. అడుగు భాగం 15 సెంటీమీటర్ల చదరం, ఎత్తు 20 సెంటీమీటర్లు ఉంటే సరిపోతుంది. ద్వారం గుండ్రంగా 32 మిల్లీమీటర్లు, అంటే పది రూపాయల నాణెం కంటే కొంచెం పెద్దది. అంతకన్నా పెద్దగా కోస్తే గోరింక ఆక్రమిస్తుంది. ద్వారం కింద చిన్న కర్ర బిగించమని చాలామంది అడుగుతారు, చూడటానికి ముచ్చటగా ఉంటుందని. వద్దు. పిచ్చుకకు ఆ కర్ర అవసరం లేదు, అది కాకి నిలబడటానికి పనికొస్తుంది. లోపల రంగు వేయకండి. అడుగున, పైఅంచు కింద రెండు మూడు సన్నని రంధ్రాలు పెట్టించండి, నీరు పోవటానికీ గాలి ఆడటానికీ.

మన ప్రాంతానికి అన్నిటికన్నా ముఖ్యం ఎండ. చలిదేశాల పుస్తకాల్లో రాసినట్టు ఎక్కడ పడితే అక్కడ తగిలిస్తే ఏప్రిల్ ఎండకు పిల్లలు లోపలే మాడిపోతాయి. రేకు డబ్బాలు అసలు వాడకండి. సాయంత్రపు పడమటి ఎండ తగలని గోడ మీద, చూరు నీడలో, ఎనిమిది పది అడుగుల ఎత్తున, ద్వారం ఉత్తరానికో తూర్పుకో ఉండేలా తగిలించాలి. పిల్లి ఎక్కే గోడకు దూరంగా ఉండాలి. వరండాలో పెడితే సీలింగ్ ఫ్యాను తిరిగే చోటు కాకూడదు. ఇంట్లోకి వచ్చిన పిచ్చుకల ప్రాణం తీసేది చాలాసార్లు ఫ్యానే.

2025 వసంతంలో మేము చూసినవి

2025 ఫిబ్రవరి రెండో వారంలో మన ఆసుపత్రి ఆవరణలో నాలుగు పెట్టెలు తగిలించాము. వాటిలో రెండు ఏడాదంతా ఖాళీగానే ఉన్నాయి. ఒకదాంట్లో చీమలు చేరాయి. నాలుగోది, ఆడవాళ్ళ వార్డు వరండాకు ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో ఉన్నది, ఫలించింది. మొదటి ఏడు ఇంతకన్నా ఆశించకూడదు. ఒక ఏడాది పక్షి దాని వంక చూడనే చూడకపోయినా మరుసటి ఏడాది రావచ్చు.

ఫిబ్రవరి చివరన ఒక మగపిచ్చుక వచ్చింది. మెడ కింద నల్లటి మచ్చ, నడినెత్తి బూడిదరంగు, మగదాని గుర్తులు అవే. ఆడది అంతా మట్టిరంగు, కంటి వెనక లేత చార. చోటు వెదికి పెట్టుకునేది మగదే. పెట్టె మీద కూర్చుని పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఒకటే కూత. లోపలికి వెళ్తుంది, తల బయటపెడుతుంది, మళ్ళీ కూస్తుంది. ఇల్లు చూపించి సంబంధం మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. పదిరోజులకు ఆడది వచ్చి లోపల చూసి వెళ్ళిపోయింది. మూడో రోజు మళ్ళీ వచ్చి ఉండిపోయింది.

మార్చి నెలంతా సామాను చేరవేతే. గడ్డిపోచలు, కోడి ఈకలు, చీపురు పుల్లలు, డ్రెస్సింగ్ గదిలో మేము పారేసే దూది కాదుగాని, తలగడ చిరిగి వచ్చిన బూరుగు దూది. పచ్చి వేపాకు రెబ్బ కూడా తెచ్చింది. ఇది మా ఊహ కాదు. పిచ్చుకలు గూటిలో వేపాకు వేసుకోవటం కలకత్తాలో గమనించి 1981లోనే ఒక పక్షిశాస్త్ర పత్రికలో రాశారు. గూటిలో పురుగు పట్టకుండా కావచ్చని వారి అభిప్రాయం. ఆటలమ్మ పోసిన పిల్లల పక్కలో వేపాకు వేసే మన తల్లులకు ఇది వింత కాదు.

ఏప్రిల్ ఒకటో తారీఖు నుంచి సందడి తగ్గింది. ఆడది గంటల తరబడి బయటికి రాలేదు. పొదుగుతున్నదని గుర్తు అదే. పిచ్చుక రోజుకొకటి చొప్పున మూడు నుంచి ఐదు గుడ్లు పెడుతుంది, 11 నుంచి 14 రోజులు పొదుగుతుంది. ఈ సమయంలో పెట్టె మూత తీసి చూడాలన్న ఆశ ఎవరికైనా కలుగుతుంది. పిల్లలైతే నిచ్చెన తెచ్చేస్తారు. తీయకూడదు. బెదిరిన తల్లి గుడ్లను వదిలి వెళ్ళిపోవచ్చు.

ఏప్రిల్ 12న, మట్టల ఆదివారానికి ముందురోజు, మగపిచ్చుక నోట ఆకుపచ్చని గొంగళిపురుగుతో వచ్చింది. గింజలు తినే పక్షి పురుగు పట్టుకొస్తే లోపల పిల్లలు లేచాయన్నమాట. పెద్ద పిచ్చుక గింజలతో బతుకుతుంది, పిల్లలు పెరగటానికి మాత్రం పురుగు మాంసం కావాలి. మన పసిపిల్లల ఆహారం గురించి ఈ పత్రికలో ఎన్నోసార్లు చెప్పిన మాటే ఇది. ఎదిగే ఒంటికి ఒక్క అన్నం చాలదు, పప్పో గుడ్డో ఉండాలి. 1958లో చైనాలో పిచ్చుకలు ధాన్యం తింటున్నాయని వాటిని లక్షలాదిగా చంపించారు. తర్వాత పంటల మీద పురుగు పెరిగింది. 1960లో ఆ జాబితా నుంచి పిచ్చుకను తీసేసి నల్లిని చేర్చారు.

ఆ రోజుల్లో ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది వరకు చూడటానికి మంచి సమయం. వార్డులోని వారు ఒక నోటుపుస్తకం పెట్టి పది నిమిషాలకు ఎన్నిసార్లు మేత వచ్చిందో గీతలు గీశారు. ఒక పూట పదకొండు గీతలు పడ్డాయి. లోపలినుంచి తెల్లటి ముద్దలాంటిది నోట కరుచుకుని పోవటం చూసి అదేమిటని అడిగారు. పిల్లల రెట్ట. గూడు శుభ్రంగా ఉండాలని తల్లిదండ్రులే దూరంగా తీసుకెళ్ళి పడేస్తాయి.

పండుగ సున్నం సంగతి

మన సంఘాల్లో అందరికీ తెలిసిన ఒక చిక్కు ఇక్కడ వచ్చింది. శ్రమకాలం చివరి వారాల్లో, పునరుత్థాన పండుగకు ముందు, గుడికీ ఇళ్ళకూ సున్నాలు వేయిస్తాము, బూజులు దులుపుతాము. పిచ్చుకలు గుడ్లు పెట్టి పిల్లలను లేపేది కూడా సరిగ్గా అప్పుడే. చీపురుతో గూడు లాగి అవతల పారేయటం ఏటా జరిగే పనే, ఎవరూ దాన్ని తప్పుగా చూడరు. 2025లో ఈస్టరు ఏప్రిల్ 20న వచ్చింది. ఆసుపత్రి గోడలకు సున్నం వేయటానికి మనుషులను మట్టల ఆదివారానికి ముందు వారమే మాట్లాడి ఉంచాము. పనివారు వచ్చి నిచ్చెన వేశారు. పెట్టె తీసి పక్కన పెట్టి గంటలో మళ్ళీ తగిలిస్తామన్నారు, వారి మాటలోనూ న్యాయం ఉంది. పండుగకు వచ్చే వారికి సగం గోడ మాసినట్టు కనబడితే ఏం బాగుంటుందని సంఘ పెద్దల్లో ఒకరు అన్నారు.

ఆ సమయంలో బెంచీ మీద కూర్చున్న ఒక మామ్మగారి గురించి చెప్పాలి. తుంటి ఎముక విరిగి ఆపరేషను అయి ఇరవై రోజులైంది. ఎముక అతికే దారిలోనే ఉంది, ఆమె మాత్రం మంచం దిగనన్నారు. ఫిజియోథెరపీ అమ్మాయి వస్తే కళ్ళు మూసుకునేవారు. "ఇంక నడిచి ఎవర్ని ఉద్ధరించాలమ్మా, నన్నొదిలెయ్యి" అనేవారు. తుంటి విరిగిన పెద్దవారు అలా మంచానికి అంటుకుపోతే న్యుమోనియా, పుండ్లు, కాళ్ళలో రక్తం గడ్డకట్టటం, ఇవన్నీ ప్రాణం మీదికి తెస్తాయి. కనుక ఇది మామూలు మొండితనంగా వదిలేసే సంగతి కాదు. పక్క మంచం ఆవిడ గీతలు గీసి వచ్చి రోజూ చెబుతుంటే విని విని, ఒక ఉదయం "నన్నూ తీసుకెళ్ళండి, అదేదో చూస్తాను" అన్నారు. వాకరు పట్టుకుని మంచం నుంచి బెంచీకి ఇరవై రెండు అడుగులు. మర్నాడు మళ్ళీ నడిచారు. తర్వాత అమ్మాయి రాకముందే లేచి కూర్చోవటం మొదలుపెట్టారు.

నిచ్చెన వేసినవారిని చూసి ఆమె పెద్దగా ఏమీ అనలేదు. "బాలింత ఇంటికి సున్నం వేస్తారా నాయనా?" అని అడిగారు, అంతే. మేస్త్రీ నవ్వి నిచ్చెన తీసేశాడు. ఆ గోడకు సున్నం చివరికి దసరా సెలవుల్లో పడింది. పండుగనాడు గోడ మాసే ఉంది. ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

అన్నీ సుఖంగా ముగిశాయని చెప్పలేము. ద్వారంలో మూడు తలలు కనబడేవి. 24న ఒక పిల్ల కిందపడింది. సిస్టరు గారు గుడ్డతో తీసి తిరిగి లోపల పెట్టారు. మనిషి చేయి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదనేది అపోహ. తల్లి వచ్చి మేత పెట్టింది. 27న ఆదివారం ఉదయం పిల్లలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. రెండు కరివేపాకు చెట్టు చేరాయి. మూడోదాన్ని అందరూ చూస్తుండగానే కాకి ఎత్తుకుపోయింది. వరండాలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక తల్లి లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె బిడ్డను పోగొట్టుకుని వారం కాలేదు. ఆమెకు చెప్పవలసిన మాట మా దగ్గర ఏమీ లేదు. సిస్టరు గారు వెళ్ళి పక్కన కూర్చున్నారు.

ఆ సాయంత్రపు ప్రార్థనలో అయ్యగారు సువార్తల్లోని పిచ్చుకల లెక్క గుర్తుచేశారు. మత్తయి సువార్తలో ఒక కాసుకు రెండు పిచ్చుకలు. లూకా సువార్తలో రెండు కాసులకు ఐదు. అంటే నాలుగు కొంటే ఒకటి కొసరు. వెల కట్టని ఆ కొసరు పిచ్చుక కూడా దేవుని లెక్కలో ఉందని ప్రభువు చెప్పాడు. పడదని మాత్రం చెప్పలేదని కూడా అయ్యగారు అన్నారు. అది చెప్పటం మాకు మంచిదనిపించింది.

చూడటం వల్ల ఆరోగ్యానికి ఏమిటి?

పక్షులను చూస్తే జబ్బు నయమవుతుందని మేము చెప్పము. మందు మందే, ఆపరేషను ఆపరేషనే. అయితే వైద్యులు గమనించిన సంగతులు కొన్ని ఉన్నాయి. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషను అయినవారి రికార్డులను రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు పరిశీలించి 1984లో ప్రచురించాడు. కిటికీలోంచి చెట్లు కనబడిన 23 మంది, ఇటుక గోడ మాత్రమే కనబడిన 23 మంది కంటే సగటున దాదాపు ఒక రోజు ముందుగా ఇంటికి వెళ్ళారు. బలమైన నొప్పి మందులు కూడా తక్కువ వాడారు. 2022లో లండను కింగ్స్ కాలేజీవారు సుమారు 1,300 మందిని మొబైలు ద్వారా రోజులో పలుమార్లు అడిగి చూశారు. పక్షిని చూసినప్పుడు, లేదా కూత విన్నప్పుడు మనసు తేలికగా ఉందని చెప్పారు. ఆ తేలిక కొన్ని గంటలు నిలిచింది. మానసిక కుంగుబాటుతో ఉన్నవారిలోనూ అలాగే కనబడింది.

మా అనుభవం ఇంకా చిన్నది. మంచంలో ఉన్న మనిషికి రోజంతా తన నొప్పి, తన బిల్లు, తన ఇల్లు తప్ప వేరే ఆలోచన ఉండదు. బయట ఇంకొకరి పని జరుగుతుంటే, అది తన మీద ఆధారపడకుండానే జరుగుతుంటే, కాసేపు చూపు అటు పోతుంది.

జాగ్రత్తలు

జబ్బుల సంగతి మొదట అడిగారు కదా. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ళకు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు పెట్టెలు తీసేయమంటారా అని చాలామంది అడిగారు. దూరం నుంచి చూస్తే ఏమీ కాదు. చచ్చిన పక్షిని, అది ఏ పక్షైనా, ఒట్టి చేతులతో తాకకండి. పిల్లలను తాకనివ్వకండి. ఒకేచోట చాలా పక్షులు చచ్చి ఉంటే పశువైద్యశాలకు తెలియజేయండి. కోడిమాంసం, గుడ్డు బాగా ఉడికించే తినాలి.

నీళ్ళ మూకుడు విషయంలో గట్టిగా చెబుతున్నాము. వేసవిలో పక్షులకు నీళ్ళు పెట్టటం మంచి పని. కాని వారం మార్చకుండా ఉంచిన మూకుడు డెంగీ దోమకు పురిటిగది. రోజూ నీళ్ళు పారబోసి, అడుగు పీచుతో తోమి, కొత్త నీళ్ళు పోయండి. దోమ గుడ్లు పాత్ర అంచులకు అంటుకుని ఉంటాయి, ఊరికే నీళ్ళు మారిస్తే పోవు.

ఉబ్బసం ఉన్నవారు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు, హెచ్‌ఐవీ మందులు వాడుతున్నవారు పాత గూళ్ళు, రెట్టలు శుభ్రం చేసే పని ఇంకొకరికి అప్పగించాలి. ముఖ్యంగా పావురాల రెట్ట ఎండి దుమ్మై లేస్తే ఊపిరికి హాని. పెట్టెను పిల్లలన్నీ వెళ్ళిపోయి, మళ్ళీ కొత్త కాపురం మొదలు కాలేదని రూఢి చేసుకున్నాకే విప్పండి. ముక్కుకు మాస్కు, చేతికి గ్లౌజులు వేసుకుని, గూటి మీద ముందు నీళ్ళు చిలకరించి తడిపి తీయండి. పొడిగా దులపకండి. పెట్టెను వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

కిందపడిన పిల్లకు ఈకలు వచ్చి ఉంటే దగ్గరలో కొమ్మ మీద పెట్టి మీరు తప్పుకోండి. తల్లిదండ్రులు మరో వారం పది రోజులు మేత పెడతాయి. ఈకలు లేకపోతే గూటిలోకి చేర్చండి. నోట్లో నీళ్ళు పోయకండి, పాలు అసలే వద్దు.

మామ్మగారు మే మొదటి వారంలో ఇంటికి వెళ్ళారు. నెల తర్వాత పరీక్షకు కర్ర ఊతంతో నడిచి వచ్చి, ఓపీ చీటీ రాయించుకోకముందే వరండాలోకి వెళ్ళారు. అప్పటికి అదే పెట్టెలో రెండో ఈడు పిల్లలు అరుస్తున్నాయి. ఈ ఏడు పెట్టె కావలసినవారు మందుల కౌంటరు దగ్గర పేరు చెప్పండి. మన వడ్రంగి కొలతలు రాసి ఇస్తాడు. వరండా బెంచీ ఉదయం ఆరున్నర నుంచి అందరికీ తెరిచే ఉంటుంది. సెల్‌ఫోను చప్పుడు ఆపి కూర్చోండి.